కోల్డ్ స్టోరేజీ మైకులో నా మనసులో మాట

మీరు మూడు నెలలుగా ఒక మనిషిని మనసులో తిట్టుకుంటున్నారనుకోండి. ఆ తిట్లన్నీ ఆయన సొంత ఆవరణలో, ఆయన సొంత మైకులో, ఆయన కరెంటుతోనే, వార్తలు చదివే గొంతుతో, ప్రతి తిట్టుకీ ముందు రైల్వే స్టేషన్లోలాగా 'టింగ్ టాంగ్' అని గంట కొట్టి మరీ వినిపిస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. మొన్న శనివారం నుంచీ తెలుసు.

ఆ గంట కూడా నేనే పెట్టాను. 'వట్టి గొంతు వస్తే ఏం బాగుంటుంది, ముందో గంట ఉంటే హుందాగా ఉంటుంది' అని. ఎంత హుందాగా ఉందో చెప్తాను, టీ చల్లారకముందే వినండి.

నా పేరు సుభాషిణి. పేరు పెట్టినప్పుడు మా నాన్నకి నా నోటి సంగతి తెలియదు, ఆయన తప్పేం లేదు. కాలేజీ రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల ఎక్కడ వక్తృత్వ పోటీ జరిగినా నేను ఉండేదాన్ని. మా అమ్మ వంటింట్లో సగం స్టీలు గిన్నెలు నేను వాదించి తెచ్చినవే. ఇడ్లీ పాత్ర అయితే ఏకంగా 'మౌనమే మంచిదా' అన్న అంశం మీద గెలిచింది. కాదు అని వాదించాను, ఇంకేం వాదిస్తాను?

ఇప్పుడు మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు మీద గదిలో షమీమూ నేనూ వెబ్‌సైట్లు చేస్తాం. షమీమ్‌ది చీరాల. కాలేజీలో నా పక్క బెంచీ. నేను పది వాక్యాల్లో చెప్పేది అది కనుబొమ్మతో చెప్తుంది. కంపెనీ అంటే మేమిద్దరం, రెండు లాప్‌టాప్‌లు, ఒక ఫ్యాను. మేం చేసిన సైట్లలో సగం తుళ్లూరు వైపు ప్లాట్లవి. ఆ ఫొటోల్లో కనిపించే పచ్చిక ఏ దేశానిదో మాకే తెలియదు. అలాంటి మాకు మొదటిసారి ఒక నిజమైన పని దొరికింది. చిలకలూరిపేట రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. రైతు తన ఫోన్లోనే తన బస్తాలు ఏ గదిలో ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో చూసుకునేలా ఒక సైటు. సీజన్లో రోడ్డు పొడవునా ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఎవరి వంతు వచ్చిందో మైకులో పిలిచే ఏర్పాటు.

ఓనరు సాంబశివరావు గారు మంచివారే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను రాసినవి వింటే మీరు నమ్మరు. ఆయనకి ఒకటే జబ్బు. పొద్దున ఒక మనసు, మధ్యాహ్నం ఒక మనసు. ఆకుపచ్చ అంటారు, చేసి చూపిస్తే నీలం బాగుంటుందేమో అంటారు. నీలం చేస్తే, "అమ్మాయ్, మొదట ఏదో పెట్టావు చూడు, అదే బాగుంది" అంటారు.

మరి నేనేమన్నాను? ఇడ్లీ పాత్ర గెలిచిన దాన్ని, ఏమనుండాలి?

"సరే సార్."

ప్రతిసారీ అదే. "సరే సార్." "చేసేద్దాం సార్." "మీరన్నదీ నిజమే సార్." ఆయన కాబిన్‌లోకి వెళ్లేసరికి నాలోని వక్త చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేది.

మరి లోపల మండేదంతా ఎక్కడికి పోయింది? కమిట్ మెసేజ్‌ల్లోకి పోయింది.

ఇది మా వృత్తిలో ఉన్న పద్ధతి. కోడులో ఏదైనా మార్చి భద్రం చేసిన ప్రతిసారీ పక్కన ఒక వాక్యం రాయాలి, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అని. అదే కమిట్ మెసేజ్. ఆర్నెల్ల తర్వాత ఏదైనా చెడిపోతే వెనక్కి వెళ్లి చదువుకుంటాం. షమీమ్ రాసే మెసేజ్‌లన్నీ ఒకే తీరు: 'చిన్న మార్పులు.' అంతే! పేజీ మొత్తం కూల్చి కట్టినా 'చిన్న మార్పులు.'

దాని మీద నేనూరుకుంటానా? మాకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. గుంటూరు, ఒంగోలు మధ్య కోడు రాసుకునే వాళ్లందరం అందులో ఉంటాం. పనికొచ్చే కోడు ముక్కలు పంచుకుంటాం, టూల్స్‌ని తిట్టుకుంటాం, కృత్రిమ మేధ రాసిచ్చిన కోడుని అతికించి, పని చేయకపోతే దానితోనే సారీ చెప్పించుకుంటాం. అక్కడ పెట్టాను చర్చ: 'చిన్న మార్పులు అని రాయడం పిరికితనం. కమిట్ మెసేజ్ నిజాయితీగా ఉండాలి. ఎవరు ఎందుకు అడిగారో, మనకేం అనిపించిందో అన్నీ రాయాలి. చరిత్రకి అబద్ధం చెప్పే హక్కు మనకి లేదు.'

చరిత్ర అంటే ఒక కోల్డ్ స్టోరేజీ వెబ్‌సైటు చరిత్ర! అయినా గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. షమీమ్ ఒక్కటే రాసింది: 'రాసింది ఎవరైనా చదువుతారే.' నేను ఎనిమిది పేరాల జవాబిచ్చాను. అది మళ్లీ మాట్లాడలేదు. గెలిచాననుకున్నాను. ఎదుటివాళ్లు విసుగుపుట్టి లేచి వెళ్లిపోయినా గెలుపు ఖాతాలోనే వేసుకోవడం నాకు కాలేజీ నుంచీ ఉన్న అలవాటు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ వారమే ఇంకో ఘనకార్యం చేశాను. పన్నెండు లైన్ల కోడు. నేను కమిట్ మెసేజ్ రాయగానే అది తనంతట తానే ఆ కోల్డ్ స్టోరేజీ సైటులో 'ప్రకటనలు' అన్న జాబితాలో చేరిపోతుంది. అంతకుముందు మూడు నెలల్లో రాసినవీ అన్నీ ఎక్కించేశాను. పక్కన 'పరీక్ష' అని ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తున్నవి రైతులకి కనపడవు, మా ఇద్దరికే కనపడతాయి. బస్సులో ఉన్నా ఫోన్ తీసి ఎవరేం మార్చారో చూసుకోవచ్చు. ఎంత తెలివి! గ్రూపులో పెట్టాను. 'వాడుకోండి, థాంక్స్ అక్కర్లేదు' అని కింద రాశాను కూడా. థాంక్స్ కోసం రోజంతా ఫోన్ చూసుకున్నాను, అది వేరే సంగతి.

షమీమ్ మాత్రం మొహం చిట్లించింది. "మన సొంత రాతలు, రైతుల ప్రకటనలు ఒకే సంచిలో ఎందుకే? వేరే జాబితా పెట్టు."

"గుర్తు ఉందిగా!"

"గుర్తు చూడటం ఎవరైనా మర్చిపోతే?"

"ఎవరు మర్చిపోతారు? సైటు రాసేది మనిద్దరమే. నువ్వు మర్చిపోవు. నేను మర్చిపోయే రకమా?"

షమీమ్ కనుబొమ్మ ఎత్తింది. అందులో పది వాక్యాలున్నాయి. నేను చదవలేదు.

సరిగ్గా అప్పుడే దానికి హైదరాబాద్ నుంచి ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీ. శనివారం సాయంత్రంలోపు వస్తావో రావో చెప్పమన్నారు. ఆ శనివారం పొద్దునే సాంబశివరావు గారు మా సైటు చూపించడానికి ఇంకో నలుగురు కోల్డ్ స్టోరేజీ ఓనర్లని పిలిచారు. వాళ్లకి నచ్చితే మా గదికి భవిష్యత్తు ఉన్నట్టు. నచ్చకపోతే షమీమ్ హైదరాబాద్ బస్సెక్కుతుంది, నేను ఫ్యానుకి కోడు చదివి వినిపించుకుంటాను.

"పొద్దున అయ్యేది చూసి సాయంత్రం చెప్తాను" అంది షమీమ్.

"నువ్వు ఉండిపోవే" అని ఒక్క మాట అనొచ్చు కదా నేను? అనలేదు. "నీ ఇష్టం, ఎవరి కెరీర్ వాళ్లది" అన్నాను. అని, ఆ పూట కోడు భద్రం చేస్తూ ఒక కమిట్ మెసేజ్ రాసుకున్నాను. అదేంటో తర్వాత చెప్తాను. నేను చెప్పక్కర్లేదు, మైకే చెప్పింది.

ఇక శనివారం. మార్చి ఎండ. గేటు దాటగానే ఘాటు. మిరప సీజన్లో కోల్డ్ స్టోరేజీకి వెళ్లారంటే మీరు ఎంతటివాళ్లయినా నాలుగు తుమ్ములు అప్పజెప్పి లోపలికి వెళ్లాల్సిందే. ట్రాక్టర్లు, లారీలు, వాటి నీడన కూర్చున్న రైతులు, వీపుల మీద టిక్కీలు మోస్తున్న హమాలీలు. టిక్కీ అంటే మిరప బస్తా.

గేటు పక్క చిన్న గదిలో మైకు దగ్గర కోటయ్య బాబాయ్. ముప్ఫై ఏళ్లుగా వంతులు పిలిచేది ఆయనే. "ప్రత్తిపాడు నాగేంద్రమ్మ గారూ, మీ వంతొచ్చింది, బండి తిప్పుకోండీ!" అని ఆయన అరిస్తే అవతల కాలువ దాకా వినపడుతుంది. సీజన్ సగానికి వచ్చేసరికి గొంతు పోతుంది. అందుకే ఓనరు గారు యంత్రం గొంతు పెట్టమన్నారు. ప్రకటనల్లో కొత్తగా ఏది చేరితే దాన్ని యంత్రం మైకులో చదివేస్తుంది.

పొద్దున ఆ వైరు తగిలిస్తూ బాబాయ్‌కి గట్టిగా చెప్పాను. "బాబాయ్, పదకొండింటికి ఇదంతట ఇదే మొదలవుతుంది. మీరు మాత్రం ఏదీ ముట్టుకోవద్దు. ఏం జరిగినా సరే. యంత్రానికి తెలుసు."

"యంత్రానికి తెలుసునా అమ్మా?"

"అన్నీ తెలుసు బాబాయ్."

"సరేనమ్మా" అన్నాడు బాబాయ్. నేను ఓనరు గారితో అనే "సరే"లాంటిదే అది. గుర్తుపట్టాల్సింది.

షమీమ్‌ని కింద మైకు దగ్గర ఉంచి నేను పైకి వెళ్లాను. ఓనరు గారి కాబిన్ మేడ మీద. ఏసీ, మందపాటి అద్దాలు. కింద ఆవరణంతా సినిమాలా కనపడుతుంది, శబ్దం మాత్రం రాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

నలుగురు ఓనర్లు సోఫాల్లో కూర్చున్నారు. ఇద్దరు ఆదివారం వాడరేవు సముద్రానికి వెళ్లాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. మూడేళ్ల తర్వాత నాకు సభ దొరికింది! ఎత్తుకున్నాను. రైతు, సాంకేతికత, పారదర్శకత. అరచేతిలో గిడ్డంగి. నేను మాట్లాడుతుంటే వాడరేవు మాట ఆగిపోయింది. సాంబశివరావు గారు పిల్ల పాటకి తల ఊపే తండ్రిలా ఊపుతున్నారు.

గడియారం పదకొండు కొట్టింది.

అద్దంలోంచి చూశాను. కింద హమాలీలు ఉన్నచోటే ఆగిపోయారు. వీపు మీద టిక్కీతో ఒకాయన తల పైకెత్తి స్పీకరు వైపు చూస్తున్నాడు. ట్రాక్టరు మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. మైకు గది వైపు జనం నడుస్తున్నారు.

నా గుండె పొంగింది. "అటు చూడండి సార్!" అన్నాను చెయ్యి చాపి. "మామూలు మైకుని ఎవరైనా ఇలా వింటారా? పని ఆపుకుని మరీ వింటున్నారు! టెక్నాలజీ జనంలోకి వెళ్లడమంటే ఇదీ!"

ఓనర్లందరూ లేచి అద్దం దగ్గరికి వచ్చారు. కింద ఒకాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఒకామె పక్కామె వీపు మీద చరుస్తోంది.

"నవ్వుతున్నారేంటమ్మా?" అన్నారు ఒక ఓనరు గారు.

"సంతోషం సార్" అన్నాను.

అన్నాను! నా నోటితో నేనే అన్నాను!

అప్పుడే మెట్ల మీద షమీమ్ కనపడింది. అద్దం తలుపు అవతల నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. నేను ఒక వేలు చూపించాను, 'ఒక్క నిమిషం' అని. అది అద్దం మీద టకటకా కొట్టింది. నేను కళ్లతో కసిరాను. సభలో మాట్లాడే వంతు నాదయినప్పుడు గంట కొట్టినా దిగని రకాన్ని, కనుబొమ్మకి దిగుతానా? 'భవిష్యత్తు' అన్న చివరి పేరా ఇంకా మిగిలే ఉంది.

షమీమ్ తలుపు తోసేసింది. తలుపుతోపాటు గొంతు లోపలికి వచ్చింది. స్వచ్ఛమైన, మర్యాద ఉట్టిపడే గొంతు.

టింగ్ టాంగ్.

"లోగో పెద్దది చేశాను. పదకొండోసారి. ఇంకా పెద్దది కావాలంటే కోటప్పకొండ మీద రాయించుకోవచ్చు."

ఓనర్లందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు.

టింగ్ టాంగ్.

"ఓనరు గారి ఫొటో పెట్టాను. ఫొటోలో జుట్టుంది. రైతులు గుర్తుపట్టకపోతే మా బాధ్యత లేదు."

సాంబశివరావు గారి చెయ్యి మెల్లగా తల మీదికి వెళ్లి, మధ్యలో సంగతి గ్రహించి, కిందికి వచ్చేసింది. వాడరేవు ఓనర్లిద్దరూ గోడ మీద క్యాలెండరుని శ్రద్ధగా చదువుతున్నారు.

టింగ్ టాంగ్.

"మొదటి పేజీ ఎరుపు వద్దన్నారు. మిరపకాయల మీద బతికే మనిషికి ఎరుపు కళ్లకి గుచ్చుకుంటోందట. సరే సార్ అన్నాను. అనకపోతే పని పోతుంది."

ఏం జరిగిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. సైటు పేజీకి 'పరీక్ష' గుర్తు చూడమని చెప్పాను. మైకు చదివే కోడు తర్వాత రాశాను. దానికి చెప్పాల్సింది ఎవరు? నేను. చెప్పానా? దానికి నేను చెప్పింది ఒక్కటే: 'ఇంతవరకు చదవనివన్నీ పాతవాటి నుంచి వరసగా చదువు.' అది పాపం ఇంతవరకు ఏదీ చదవలేదు. నా మూడు నెలల ఆత్మకథంతా మొదటి నుంచి అందుకుంది. మా గదిలో పరీక్షించినప్పుడు నా లాప్‌టాప్‌లో మూడే మూడు దొంగ ప్రకటనలుండేవి. మూడూ చక్కగా చదివింది. నేను చప్పట్లు కొట్టాను.

ఆపాలి! ఆపే బటన్ నిర్వాహకుల పేజీలో ఉంది. లాప్‌టాప్ మీద పడ్డాను. పేజీ నన్ను బయటికి నెట్టేసి ఉంది. పాస్‌వర్డు కొడితే ఫోన్‌కి ఓటీపీ పంపించానంది. ఎవరి ఫోన్‌కి? షమీమ్ ఫోన్‌కి. షమీమ్ ఫోన్ ఎక్కడ? కింద మైకు గదిలో చార్జింగులో. 'ఇంటి తాళాలు ఇద్దరు మనుషుల దగ్గర ఉండాలి, ఇదే అసలైన భద్రత' అని గ్రూపులో ఆ చిట్కా పంచుకున్న మేధావి ఎవరంటారా? అడక్కండి.

మెట్లు మూడేసి దూకుతూ దిగాను. ఆవరణ మధ్యకి వచ్చేసరికి పై నుంచి ఇంకోటి:

టింగ్ టాంగ్.

"గదుల చల్లదనం రైతులకి చూపించే పేజీ దాచేశాను. చూపిస్తే ఊరికే ఫోన్లు చేస్తారని ఓనరు గారి భయం. తన సరుకు ఎంత చల్లగా ఉందో రైతు అడక్కూడదా? ఈ మాట ఆయన మొహాన అనాల్సింది. అనలేదు. సిగ్గుగా ఉంది."

నవ్వులు ఆగిపోయాయి.

అందరూ నావైపు చూస్తున్నారు. యంత్రం పేరు చెప్పలేదు కానీ, మెట్ల మీద నుంచి పిచ్చిదానిలా దూకి వస్తున్న పిల్ల ఎవరో ఎవరికైనా తెలుస్తుంది. జనాన్ని తోసుకుంటూ మైకు గదిలోకి పడ్డాను.

కోటయ్య బాబాయ్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంత ప్రశాంతమైన మొహం నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు.

"బాబాయ్! ఆపొచ్చు కదా!"

"ఏదీ ముట్టుకోవద్దన్నావుగా అమ్మా. ఏం జరిగినా సరే అన్నావు."

"అది... ఇది వేరు బాబాయ్!"

"యంత్రానికి అన్నీ తెలుసునన్నావు" అన్నాడు. స్పీకరు వైపు చూసి, "నిజమేనమ్మా, చాలానే తెలుసు."

స్విచ్ మీద చెయ్యి వేశాను. ఇంకో చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. షమీమ్. నా వెనకే పరుగెత్తుకొచ్చింది, రొప్పుతోంది.

"ఆగవే."

"ఏంటి ఆగేది? పరువంతా పోతుంటే!"

"పరువు పోయి పావుగంటయింది. ఇప్పుడు వచ్చేదాంట్లో నా పేరుంది, ఇందాక ఫోన్లో చూశాను. ఆగు."

టింగ్ టాంగ్.

"షమీమ్ చెప్పిందే కరెక్టు. రైతుల జాబితా, మా జాబితా వేరుగా ఉండాల్సింది. నేను మొండిగా వాదించి గెలిచాను. అది హైదరాబాద్ వెళ్లిపోతే ఈ సైటు నాకొక్కదానికి చేతకాదు. ఉండిపోవే అనాలని ఉంది. ఈ మాట దానికి చచ్చినా చెప్పను."

అదే చివరిది. యంత్రం ఆగింది. మళ్లీ గంట మోగలేదు. అంతమంది జనం, అన్ని బండ్లు, ఒక్క తుమ్ము కూడా లేదు.

షమీమ్ నా మణికట్టు వదిలేసింది. "చచ్చినా చెప్పవా?" అంది.

నేను... నమ్ముతారో లేదో... నాకు మాట రాలేదు. సభ ఉంది, మైకు ఉంది, అంశం కూడా ఉంది. ఇడ్లీ పాత్ర వెనక్కి ఇచ్చేయాలి.

అంతలో గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ చీర కొంగు బిగించి నిలబడింది. ప్రత్తిపాడు నాగేంద్రమ్మ గారు. "ఏదమ్మాయ్, ఆ దాచిన పేజీ? తియ్యి చూద్దాం. నా టిక్కీలు రెండో గదిలో ఉన్నాయి."

వెనక ఇంకో ఇరవైమంది. "మాదీ, మాదీ!"

అప్పటికి సాంబశివరావు గారు కిందికి వచ్చారు, వెనక నలుగురు ఓనర్లు. నేను ఆయన వైపు చూశాను. మామూలుగా అయితే ఇక్కడ 'సరే సార్' రావాలి. ఆయన ఇంకా ఏమీ అనలేదు కాబట్టి దేనికి సరే అనాలో తెలియలేదు.

"సార్, ఆ పేజీ తీస్తాను" అన్నాను. "తీయకూడదంటే ఇప్పుడే చెప్పండి. నేను ఒప్పుకోను కానీ, చెప్పండి."

ఆయన జనం వైపు, నా వైపు, స్పీకరు వైపు చూశారు. "ఇంకా దాచడానికి ఏముందమ్మాయ్? నా జుట్టు సంగతి కూడా ఊరికి తెలిసిపోయింది. తియ్యి."

టిక్కీల మీద షమీమ్ లాప్‌టాప్ పెట్టి పేజీ తీశాను. ఈసారి ఓటీపీ వచ్చిన ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది. రెండో గది చల్లదనం ఉండాల్సినంతే ఉంది. మూడోదీ, నాలుగోదీ కూడా. నాగేంద్రమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, ఓనరు గారి వైపు తిరిగి, "బానే ఉంది కదయ్యా! ఇంత మంచి నంబర్లు పెట్టుకుని ఎందుకు దాచావు?" అంది. ఆయన తల నిమురుకోబోయి ఆగారు. అది చూస్తే నాకెంత హాయిగా ఉందంటే, ఆ పూట తప్పు చేసింది నేనేనన్న సంగతి మర్చిపోయాను.

మళ్లీ కాబిన్లోకి పిలిచారు. నలుగురిలో ముగ్గురు పనుందని వెళ్లిపోయారు, నవ్వు ఆపుకోలేక అని నాకు తెలుసు. ఒకాయన మాత్రం కూర్చున్నారు.

సాంబశివరావు గారు చాలాసేపు బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పారు. "పదకొండుసార్లు మార్పించానా లోగో?"

"అవునండీ."

"నేను మూడో నాలుగో అనుకున్నాను." ఇంకోసారి తిప్పారు. "అమ్మాయ్, నువ్వు రాసినదానికి కాదు నా బాధ. మూడు నెలలు నా ఎదురుగా కూర్చుని సరే సార్, సరే సార్ అన్నావు. నేనేమో నా ఆలోచనలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనుకున్నాను. మా ఇంట్లో కూడా చెప్పుకున్నాను."

ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. వాదనకి వాదన ఉంటుంది, దీనికేముంటుంది?

"పని మీదే" అన్నారు చివరికి. "మూడు షరతులు. ఆ పేజీ అలాగే ఉండాలి, ఫోన్లొస్తే నేను ఎత్తుకుంటాను. మైకు కోటయ్యకే ఇచ్చేయాలి, గొంతు పోతే వేడి నీళ్లు ఇప్పిస్తాను. ఇక మీ మనసులో ఏదైనా ఉంటే ముందు నాకు చెప్పాలి, తర్వాత ఎక్కడైనా రాసుకోండి."

"సరే..." అని ఆగిపోయాను. ఆయన వేలు పైకి లేచింది. "ఫొటో మార్చాలి సార్" అన్నాను గబగబా. "ఇప్పటిది ఇవ్వండి."

కూర్చున్న ఓనరు గారు అప్పుడు నవ్వారు. "మా దానికీ చేసిపెట్టండమ్మా. మైకు అక్కర్లేదు" అని, షమీమ్ వైపు చూపిస్తూ, "ఆ అమ్మాయి రాస్తుందిగా?" అన్నారు.

సాయంత్రం బస్సులో షమీమ్ కిటికీ వైపు కూర్చుని ఫోన్లో ఏదో టైపు చేస్తోంది. నాకు తెలుసు, హైదరాబాద్‌కే. అడగాలని ఉంది. అడగలేదు. నా సంగతి మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఏటుకూరు దాటాక అదే ఫోన్ నా చేతిలో పెట్టింది. రాలేనని రాసి పంపేసింది.

"నా కోసమేనా?" అన్నాను.

"నీ కోసం కాదే. యంత్రం చెప్పింది. నీ నోటితో నువ్వు చెప్పే దాకా వెళ్లను. చూద్దాం, ఎన్నేళ్లు పడుతుందో."

అదీ జరిగింది. సోమవారం షమీమ్ రెండు జాబితాలూ వేరు చేసింది. గ్రూపులో నా పన్నెండు లైన్ల కోడు కింద 'దయచేసి వాడకండి' అని నేనే రాశాను, దానికి మాత్రం థాంక్స్ బోలెడొచ్చాయి. ఈ వారం నా కమిట్ మెసేజ్‌లు చూస్తారా? సోమవారం, 'చిన్న మార్పులు.' మంగళవారం, 'చిన్న మార్పులు.' బుధవారం ఏదో ఆవేశం వచ్చి, 'కొంచెం పెద్ద మార్పులు.'

షమీమ్ ఫోన్ రింగ్‌టోన్ కూడా మారింది. ఆ రోజు మైకు గదిలో చార్జింగులో ఉన్న ఫోన్ ఊరికే ఉండలేదట, పదకొండు నుంచీ రికార్డు చేస్తూనే ఉందట. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా గదంతా, కింద చీరల కొట్టు దాకా, టింగ్ టాంగ్, "షమీమ్ చెప్పిందే కరెక్టు." చీరలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా తలెత్తి చూస్తున్నారు. అది కావాలనే నాలుగైదు రింగులు పోయాక ఎత్తుతుంది.

నోటితో ఇంకా చెప్పలేదనుకోండి. చెప్తాను, తొందరేముంది? ఈలోగా ఇక్కడ రాస్తున్నాను: షమీమ్ చెప్పిందే కరెక్టు, అది ఉండిపోయినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

చదివారుగా? దయచేసి ఎవరూ మైకులో పెట్టకండి.